మన చేలో పురుగు పాత పుస్తకాల్లో ఎక్కడుంది? నల్లగొండ, పాలమూరు వాళ్లకు సమగ్ర మార్గదర్శి

నల్లగొండ, పాలమూరు పురుగుల గురించి వందేళ్ల కిందటి పుస్తకాల్లో ఏముందో చూద్దామని కూర్చుంటే చాలామంది మొదటి గంటలోనే నిరాశపడతారు. సెర్చ్‌లో జిల్లా పేరు కొడితే గెజిటీర్లు, రెవెన్యూ రిపోర్టులు వస్తాయి, పురుగులు మాత్రం రావు. దాంతో మన ప్రాంతాన్ని ఎవరూ పట్టించుకోలేదని అనుకుంటారు. నిజమే, మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీల ఊళ్లు కనిపించినంతగా నిజాం ఇలాకా ఊళ్లు ఆ పుస్తకాల్లో కనిపించవు. అయినా మన పురుగులు వాటిలో ఉన్నాయి. వేరే శాస్త్రీయ నామాల కింద, వేరే ఊరి పేర్ల కింద ఉన్నాయి. అందుకే ఊరి పేరుతో వెతుకులాట మొదలుపెట్టకండి. పురుగు పేరుతో మొదలుపెట్టి, పాత పేర్ల మీదుగా మొదటి వర్ణన దాకా, అక్కడి నుంచి అసలు నమూనా దాకా వెళ్లండి. ఊరి సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

డిగ్రీ ప్రాజెక్టు చేసే పిల్లలు, అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్లు, సీతాకోకచిలుకల ఫొటోలు తీసేవాళ్లు, జువాలజీ లెక్చరర్లు ఎవరైనా ఈ దారిలో నడవొచ్చు. ఫోను, కాస్త ఓపిక, ఒక నోటుబుక్కు చాలు.

ముందు పేరు ఖాయం చేసుకోండి

రైతు చెప్పే పేరు ఒక్కటే పెట్టుకుని పాత పుస్తకంలోకి దిగితే తప్పిపోతారు. మన దగ్గర 'దోమ' అంటే కుట్టే దోమ, వరిలో సుడిదోమ, పత్తిలో పచ్చదోమ. ఈ మూడూ ఒక కుటుంబానివి కావు. ఆముదంలో ఒకే పురుగుని ఒక ఊళ్లో దాసరి పురుగు అంటారు, ఇంకో ఊళ్లో నామాల పురుగు అంటారు.

పంట పురుగైతే మీ ఏఈవోని (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి, లేదా కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాలకు నమూనా తీసుకెళ్లండి. పురుగుని పట్టుకెళ్లడం కుదరకపోతే పైనుంచి, పక్కనుంచి, ముఖం వైపునుంచి ఫొటోలు తీయండి. ఏ మొక్క మీద దొరికిందో తప్పకుండా రాయండి. పాత పుస్తకాల్లో సగం వెతుకులాట మొక్క పేరుతోనే తేలిపోతుంది.

ఇంకో జాగ్రత్త. తొలకరిలో ఎర్ర మఖమల్ గుడ్డలా కనిపించే ఆరుద్ర పురుగుని మనం పురుగనే అంటాం. కానీ పెద్దదానికి ఎనిమిది కాళ్లు. అది కీటకం కాదు, సాలీడు, తేలు ఉండే వర్గానికి చెందిన జీవి. కీటకాల సంపుటాలు ఎన్ని తిరగేసినా దొరకదు. దాన్ని మైట్ల పుస్తకాల్లో చూడాలి. వెతకడానికి ముందు కాళ్లు లెక్కపెట్టడం మంచి అలవాటు.

పేరు వెనక పాత పేర్లు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. గులాబీ రంగు పురుగునే తీసుకుందాం. పత్తి పెట్టిన ప్రతి ఇంట్లో దీని సంగతి తెలుసు: గుడ్డిపూలు, లోపల తొలిచేసిన గింజ, రంగు మారిన దూది. ఇప్పటి శాస్త్రీయ నామం పెక్టినోఫోరా గాసిపియెల్లా. ఈ పేరు పట్టుకుని 1906 నాటి పుస్తకంలో వెతికితే ఒక్క ముక్క కూడా దొరకదు, ఎందుకంటే పెక్టినోఫోరా అనే ప్రజాతిని (జీనస్‌ని, అంటే దగ్గరి జాతుల గుంపుని) బస్క్ అనే శాస్త్రవేత్త ఏర్పాటు చేసిందే 1917లో. అంతకు ముందు పుస్తకాల్లో అది గెలెకియా గాసిపియెల్లా. ఆ తర్వాత కొన్నేళ్లు కొందరు ప్లాటియెడ్రా గాసిపియెల్లా అని రాశారు. అసలు మొట్టమొదట పేరు పెట్టిన సాండర్స్ డిప్రెసేరియా గాసిపియెల్లా అన్నాడు. లండన్ ఎంటమాలజికల్ సొసైటీ ట్రాన్సాక్షన్స్ మూడో సంపుటిలో అది రెండు పేజీల చిన్న వ్యాసం. ఆయనకు నమూనాలు వెళ్లింది గుజరాత్‌లోని భరూచ్ నుంచి. అక్కడి ప్రభుత్వ పత్తి తోటల్లో అమెరికా రకాలను ఈ పురుగు పాడుచేస్తోందని ఆ వ్యాసంలో ఉంది. మన చేలల్లో ఏటా టెన్షన్ పెట్టే పురుగుకి మొదటి రికార్డు అదే.

ఇందులో గమనించండి: మొదటి మాట మారుతూ నాలుగు రకాలుగా కనిపించింది, రెండో మాట మాత్రం అలాగే ఉంది. ప్రజాతి పేరు మారుతూ ఉంటుంది, జాతి పేరు సాధారణంగా నిలుస్తుంది. అందుకే సెర్చ్‌లో రెండో మాట ఒక్కటే, పక్కన పేరుపెట్టినవాడి పేరు కొట్టండి. కొన్నిసార్లు ఆ రెండో మాట చివరి అక్షరం మాత్రం మారుతుంది. ఆ చివరి అక్షరాలు వదిలేసి వెతికినా ఫర్వాలేదు.

పేరుపెట్టినవాడి పేరు, సంవత్సరం బ్రాకెట్లలో ఉంటే ఆయన ఆ జాతిని మొదట వేరే ప్రజాతిలో పెట్టాడని అర్థం. బ్రాకెట్లు లేకపోతే ఇప్పుడున్న ప్రజాతిలోనే పెట్టాడన్నమాట. ఈ చిన్న గుర్తుతో చాలా సమయం కలిసొస్తుంది. సంవత్సరం దగ్గర కూడా కాస్త ఆగండి. సాండర్స్ పేరు పక్కన కొందరు 1843 అని, కొందరు 1844 అని వేస్తారు. చూసి రెండు వ్యాసాలనుకోకండి. సభలో చదివిన ఏడాది, అచ్చయిన ఏడాది, కట్టలన్నీ కలిపి బైండు చేసిన ఏడాది ఒకటే కానక్కర్లేదు.

రెండో మాట కూడా మారే సందర్భాలున్నాయి. ఆముదం దాసరి పురుగు ఇప్పుడు అకియా జనాటా. శాస్త్రీయ నామాల పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ 1758లో పెట్టిన జనాటా అన్న మాటే ఇప్పుడు చెల్లుతుంది. కానీ పాత భారతీయ పుస్తకాల్లో ఇది ఓఫియూసా మెలిసెర్టా పేరుతో కనిపిస్తుంది. మెలిసెర్టా అనేది డ్రూరీ పెట్టిన పేరు. ఇద్దరు ఒకే పురుగుకి వేర్వేరుగా పేరు పెడితే ముందు పెట్టినదే నిలుస్తుంది, రెండోది పర్యాయనామంగా మిగులుతుంది. అందుకని పుస్తకం తెరిచే ముందే పర్యాయనామాల జాబితా రాసి పెట్టుకోండి. క్యాటలాగ్ ఆఫ్ లైఫ్, జీబిఫ్ అనే ఆన్‌లైన్ జాబితాల్లో అది దొరుకుతుంది. సీతాకోకచిలుకలు, రెక్కల పురుగులు (మాత్‌లు) అయితే లండన్ మ్యూజియం వాళ్ల లెప్‌ఇండెక్స్, మిడతలైతే ఆర్థాప్టెరా స్పీసీస్ ఫైల్, చీమలైతే యాంట్‌వెబ్ చూడండి. 1758 నుంచి 1850 వరకు పెట్టిన జంతు నామాలకు షెర్బర్న్ తయారుచేసిన ఇండెక్స్ అనిమాలియం ఉంది. ఏ పేరు ఏ పుస్తకంలో ఏ పేజీలో మొదట వచ్చిందో అది చూపిస్తుంది. ఒక్క మనిషి ఇంత పని చేశాడా అని దాన్ని తెరిచిన ప్రతిసారీ దండం పెట్టాలనిపిస్తుంది.

ఏ పుస్తకం దేనికి

అందరూ ముందు చెప్పేది ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా. టేలర్ అండ్ ఫ్రాన్సిస్ వాళ్లు లండన్‌లో అచ్చువేసిన ఈ వరుసలో మొదటి సంపుటి 1888లో వచ్చింది. రెక్కల పురుగులకు హాంప్సన్ సంపుటాలు నాలుగు, 1892 నుంచి 1896 దాకా. కందిరీగలు, తేనెటీగలకు బింగ్‌హామ్ 1897, చీమలకు ఆయనదే 1903, సీతాకోకచిలుకలకు కూడా ఆయనవే 1905, 1907. నల్లులు, దోమపోటు పురుగుల వర్గానికి డిస్టంట్ ఏడు సంపుటాలు, 1902 నుంచి 1918 దాకా. పేడపురుగులు, కొమ్ముపురుగులకు ఆరో. తూనీగలకు ఫ్రేజర్ మూడు సంపుటాలు, 1933, 1934, 1936. ఫ్రేజర్ తూనీగలు ఈ రోజుకీ పక్కన పెట్టుకుని వాడదగినవి. డిస్టంట్‌ని మాత్రం జాగ్రత్తగా చదవండి, ఆయన ఏర్పాటు చేసిన జాతులు, ప్రజాతుల్లో తర్వాత మారినవి చాలా ఉన్నాయి.

ఈ వరుసతో ఒక చిక్కుంది. చాలా జాతుల కింద 'భారతదేశమంతటా' అని ఒక్క మాటతో సరిపెడతారు. దేవరకొండలో ఉందా లేదా అన్నది దాన్ని బట్టి తేలదు. అది చదివి 'మన జిల్లాలో రికార్డు ఉంది' అని ప్రాజెక్టులో రాయకూడదు.

మన ప్రాంతం వాళ్లు మొదట చదవాల్సింది నా లెక్కలో వేరే పుస్తకం: ఫ్లెచర్ 1914లో మద్రాసు నుంచి తెచ్చిన 'సమ్ సౌత్ ఇండియన్ ఇన్సెక్ట్స్'. అది మద్రాసు ప్రెసిడెన్సీ గురించే, నిజాం ఇలాకా గురించి కాదు. అయినా కర్నూలు, బళ్లారి మెట్ట పంటలే మన మెట్ట పంటలు కూడా. ఆముదం, జొన్న, పత్తి, కంది, వేరుశనగ పురుగులు చాలావరకు అందులో ఉన్నాయి. దాని తర్వాత రామకృష్ణ అయ్యర్ 1940లో తెచ్చిన దక్షిణ భారత ఆర్థిక కీటకశాస్త్ర కరదీపిక. దేశం మొత్తానికి మాక్స్‌వెల్ లెఫ్రాయ్ రాసిన 'ఇండియన్ ఇన్సెక్ట్ పెస్ట్స్' 1906లో, 'ఇండియన్ ఇన్సెక్ట్ లైఫ్' 1909లో వచ్చాయి. నల్లమల వైపు అడవి చెట్ల పురుగులైతే స్టెబింగ్ 1914, బీసన్ 1941 చూడాలి.

స్వాతంత్ర్యం తర్వాతి వాటిలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తెచ్చిన ఫానా ఆఫ్ ఆంధ్రప్రదేశ్ భాగాల్లో ఉమ్మడి రాష్ట్రం జిల్లాలన్నీ కలిసే ఉంటాయి. మన జిల్లా పేరు నేరుగా కనిపించే చోట్లలో అదొకటి.

ఊరి పేర్లు: జాగ్రత్తగా చదవాల్సిన చోటు

పాత పుస్తకంలోగానీ, నమూనా చీటీ మీదగానీ 'హైదరాబాద్' అని కనబడితే వెంటనే సంబరపడొద్దు. అప్పట్లో హైదరాబాద్‌లు రెండు. ఒకటి దక్కన్‌ది, రెండోది సింధ్‌లోది. పక్కన దక్కన్ అనిగానీ, నిజామ్స్ డొమినియన్స్ అనిగానీ ఉంటే మనదే. సింధ్ అని ఉంటే కాదు. ఏదీ లేకపోతే సేకరించినవాడు ఆ ఏడాది ఎక్కడ పనిచేశాడో చూసి తేల్చాలి. అప్పటి సేకర్తల్లో సైనికాధికారులు ఎక్కువ కాబట్టి దండు ఉన్న సికింద్రాబాద్ పేరుతో కూడా వెతకండి.

ఇంకో ఉచ్చు మన నల్లగొండ వాళ్లకే ప్రత్యేకం. నల్లగొండ పాత పేరు నీలగిరి అని మనం గొప్పగా చెప్పుకుంటాం. పురుగుల పుస్తకాల్లో 'నీల్‌గిరి హిల్స్' అన్నచోటల్లా అది ఊటీ కొండలే. ఆ రికార్డుల్ని మన ఖాతాలో వేసుకోకండి.

పాలమూరుకి మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో వచ్చింది. అంతకు ముందు రాతల్లో పాల్మూర్ అని చూడాలి. కొల్లాపూర్ వైపు సంస్థానం జటప్రోలుని ఇంగ్లీషు గెజిటీర్‌లో జట్పోల్ అని అచ్చువేశారు. గద్వాల, వనపర్తి సంస్థానాల పేర్లు విడిగా ఉంటాయి. పాత స్పెల్లింగులు పట్టుకోవడానికి ఇంపీరియల్ గెజిటీర్, అందులో 1909 నాటి హైదరాబాద్ స్టేట్ సంపుటి బాగా పనికొస్తాయి.

నల్లమల సంగతి మరీ ముఖ్యం. కృష్ణకు అవతలి ఒడ్డు బ్రిటిష్ వాళ్లది, ఇవతలి ఒడ్డు నిజాందీ. అడవి జీవుల దృష్టిలో చాలావరకు ఒకటే అడవి, పుస్తకాల్లో మాత్రం 'నల్లమలై హిల్స్, కర్నూల్' అని ఒకవైపే కనిపిస్తుంది. అమ్రాబాద్, మన్ననూరు పురుగుల కోసం వెతికేవాళ్లు కర్నూలు రికార్డులన్నీ తీసి పెట్టుకోవాలి. అవి మన వైపు రికార్డులు కావు. మన వైపు ఏమేం ఉండే అవకాశం ఉందో మాత్రం చెబుతాయి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్ కూడా తిరగేయండి. సలీం అలీ 1931లో మొదలుపెట్టిన హైదరాబాద్ స్టేట్ పక్షుల సర్వే అందులోనే వచ్చింది. విషయం పక్షులే అయినా ఫరహాబాద్, మన్ననూరు లాంటి మకాముల వివరం కీటకాల వాళ్లకీ అక్కరకొస్తుంది.

కొత్త రికార్డుల్లోనూ ఇదే తంటా. 1956 నుంచి 2014 దాకా అన్నీ 'ఆంధ్రప్రదేశ్'. 2016 దాకా అమ్రాబాద్ మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. సూర్యాపేట, భువనగిరి నల్లగొండలోనే ఉండేవి. మీ నోటుబుక్కులో చీటీ మీద ఉన్న జిల్లాని ఉన్నదున్నట్టు ఒక వరసలో, ఇప్పటి జిల్లాని పక్క వరసలో రాయండి. రెండూ కలిపేస్తే తర్వాత విడదీయడం కష్టం.

పుస్తకం చేతికి రావాలంటే

బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో పైన చెప్పిన పాత సంపుటాల్లో చాలావరకు ఉచితంగా ఉన్నాయి. శాస్త్రీయ నామం కొడితే ఆ పేరున్న పేజీలన్నీ చూపిస్తుంది. పుస్తకమంతా దించక్కర్లేదు, కావాల్సిన పేజీలు ఎంచుకుని దించుకోవచ్చు. నెట్ నెమ్మదిగా ఉన్న ఊళ్లో ఇదే మేలు. మీ పేజీతో పాటు పుస్తకం మొదటి పేజీ, ఆ కుటుంబం మొదలయ్యే పేజీ కూడా దించుకోండి, లేకపోతే రేపు ఏ సంపుటిలోదో గుర్తుండదు.

1800కి ముందు పుస్తకాల్లో ఒక చిక్కుంది. అప్పటి అచ్చులో పొడుగు 'ఎస్' అక్షరం 'ఎఫ్' లాగా ఉంటుంది. కంప్యూటర్ 'ఇన్సెక్ట్' అన్న మాటని 'ఇన్ఫెక్ట్' అని చదువుతుంది. వెతికిన మాట దొరకకపోతే ఆ అక్షరం మార్చి మళ్లీ కొట్టండి. సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ లక్క పురుగు మీద రాసింది 1791లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్‌లో వచ్చింది. అలాంటివి వెతికేటప్పుడు ఇది బాగా పనిచేస్తుంది.

రెండో చోటు ఇంటర్నెట్ ఆర్కైవ్. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద మన గ్రంథాలయాల నుంచి స్కాన్ చేసిన పుస్తకాలు అందులో చేరాయి. వాటి శీర్షికల్లో అచ్చుతప్పులు ఎక్కువ. పూర్తి పేరు కొట్టకుండా ఒక మాట, రచయిత ఇంటిపేరు, సంవత్సరం విడివిడిగా ప్రయత్నించండి. ఫానా సంపుటాలు 'కోలియాప్టెరా', 'రింకోటా', 'ఓడొనాటా' అని లోపలి కీటక వర్గం పేరుతోనే ఎక్కి ఉండొచ్చు.

కాగితం పుస్తకమే కావాలంటే హైదరాబాద్ వెళ్లాలి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఉస్మానియా గ్రంథాలయాలు, అత్తాపూర్‌లో ఉన్న జువలాజికల్ సర్వే కేంద్రం కూడా ఉన్నాయి. వెళ్లే ముందు విభాగాధిపతి సంతకంతో ఒక లెటర్ తీసుకెళ్లండి, పని సులువవుతుంది. నిజాం ప్రభుత్వ వ్యవసాయ శాఖ కాగితాల కోసం తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. అక్కడ ఉర్దూ కాగితాలు వస్తాయి కాబట్టి ఉర్దూ చదవగలిగిన పెద్దవాళ్లు ఎవరైనా వెంట ఉంటే మంచిది. సొంతానికి కొనాలనుకుంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ చూడండి. ఢిల్లీలో 1970ల్లో వేసిన ఫానా రీప్రింట్లు పాత పుస్తకాల మార్కెట్లో తిరుగుతుంటాయి. రీప్రింట్ కొంటే రంగుల ప్లేట్లు రంగుల్లోనే ఉన్నాయో, నలుపు తెలుపు చేశారో విప్పి చూసుకోండి.

అసలు నమూనా ఎక్కడుంది

మొదటి వర్ణన దొరికాక అడగాల్సిన ప్రశ్న: ఆ రచయిత చేతిలో ఉన్న పురుగు ఇప్పుడెక్కడుంది? పత్తి కాయలు పగిలాక గుంపులుగా చేరే ఎర్ర పురుగుని చూడండి, డిస్డెర్కస్ కోనిగై. డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ 1775లో దానికి కోనిగ్ పేరు పెట్టాడు. కోనిగ్ లిన్నేయస్ శిష్యుడు, డేన్‌ల తరంగంబాడిలో పనిచేసి, చివరికి 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఫాబ్రీసియస్ చూసిన నమూనాలు ముఖ్యంగా కోపెన్‌హాగన్‌లో, లండన్ మ్యూజియంలోని బ్యాంక్స్ సేకరణలో ఉన్నాయి. లిన్నేయస్ సొంత సేకరణ లండన్ లిన్నియన్ సొసైటీలో ఉంది, ఫొటోలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఈస్ట్ ఇండియా కంపెనీ లండన్‌లో నడిపిన మ్యూజియం మూతపడ్డాక దాని జంతు నమూనాలు 1879లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఎవరి సేకరణ ఎవరికి అమ్ముడుపోయి ఎక్కడ తేలిందో తెలుసుకోవాలంటే హార్న్, కాలే 1935–37లో అచ్చువేసిన జర్మన్ జాబితా ఉంది. జర్మన్ రాకపోయినా ఫర్వాలేదు, అక్షరక్రమంలో పేర్లు, ఊళ్లే.

మన దేశంలో చూడాల్సినవి: కోల్‌కతాలో జువలాజికల్ సర్వే (1916లో మొదలైంది, ఇండియన్ మ్యూజియం సేకరణలు దానికే వచ్చాయి), ఢిల్లీలో నేషనల్ పూసా కలెక్షన్, డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, ముంబై బీఎన్‌హెచ్ఎస్ (బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ), బెంగళూరు ఎన్‌బీఏఐఆర్ (జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ). పూసా బీహార్‌లో ఊరు. 1934 భూకంపంలో అక్కడి సంస్థ దెబ్బతింటే 1936లో ఢిల్లీకి మార్చారు. అందుకని 'పూసా' అని చీటీ ఉంటే తేదీని బట్టి ఏ పూసానో చూసుకోవాలి.

మ్యూజియంలో నమూనాలు చూసుకునే క్యూరేటర్‌కి రాసే మెయిల్ చిన్నదిగా ఉండాలి. ఇప్పటి పేరు, మొదటి పేరు, రచయిత, సంవత్సరం, పేజీ రాసి, చీటీల ఫొటో కావాలని అడగండి. 'మీ దగ్గర తెలంగాణ పురుగులు ఏమున్నాయి' అని అడిగితే జవాబు రాకపోవచ్చు. వాళ్ల డ్రాయర్లు జిల్లాల వారీగా ఉండవు, జాతుల వారీగా ఉంటాయి.

చీటీ చదవడం

సూదికి గుచ్చిన చీటీలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. తేదీలో నెలని రోమన్ అంకెలో రాసే అలవాటు ఉంది. ఏడాది '08' అని ఉంటే 1908 అని వెంటనే అనుకోవద్దు, సేకర్త జీవితకాలం చూడాలి. బ్రిటిష్ మ్యూజియం చీటీ మీద ఏడాది, గీత, సంఖ్య ఉంటే అది మ్యూజియానికి చేరిన ఏడాది, పట్టుకున్న ఏడాది కాదు. ఎర్ర అంచున్న గుండ్రటి చీటీ కనబడితే అది టైప్ నమూనా, అంటే ఆ జాతి పేరుకి ఆధారమైన పురుగు.

మన కాలేజీల్లో పాత పెట్టెలు

మన జిల్లాల్లో కాలేజీ ల్యాబుల్లో బీరువాల మీద దుమ్ముపట్టిన కీటకాల పెట్టెలు కనిపిస్తే వదిలేయకండి. ఊరు, తేదీ ఉన్న చీటీ ఒక్కటున్నా అది విలువైన రికార్డే. ముందు ఏదీ కదపకుండా పెట్టె మొత్తం ఫొటో తీయండి, తర్వాత ఒక్కో చీటీ. పురుగు కింద గోధుమరంగు పొడి రాలి ఉంటే ఆంథ్రెనస్ ప్రజాతి పెంకుపురుగు పిల్లలు లోపల తింటున్నాయని గుర్తు. పెట్టెని పాలిథిన్ కవర్లో గాలి చొరబడకుండా చుట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పొద్దు, లేకపోతే చెమ్మ పట్టి రెక్కలు పాడవుతాయి. పాత సేకరణల్లో పాదరసం ఉప్పులు, ఆర్సెనిక్ వాడేవాళ్లు కాబట్టి చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఇత్తడి సూది చుట్టూ పచ్చగా పూసినా సూది లాగొద్దు, పురుగు ముక్కలవుతుంది. పాత చీటీ తప్పనిపించినా తీసేయకూడదు. మీ అభిప్రాయం వేరే చీటీ మీద రాసి కింద గుచ్చండి.

కొత్తగా పట్టి చేర్చాలనుకుంటే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క పురుగునీ ముట్టుకోవద్దు. కొన్ని సీతాకోకచిలుకలకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఎక్కడైనా వర్తిస్తుంది. సొంత చేలో పట్టినదానికి చీటీ ఇలా రాయండి: ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, అక్షాంశ రేఖాంశాలు, నాలుగంకెల ఏడాదితో తేదీ, ఏ మొక్క మీద, పట్టినవాళ్ల పేరు. బాల్‌పెన్ వద్దు, పెన్సిల్ గానీ ఇండియన్ ఇంకు గానీ వాడండి.